మిరపకాయ ముట్టని చెయ్యి

నేను పంచాయతీ మెంబరునైంది నా గొప్ప వల్ల కాదు. ఆడవాళ్ళకని ఒక సీటు పెట్టారు. ఆ సీట్లో ఎవరో ఒక ఆడమనిషి కూర్చోవాలి. మా ఊళ్ళో పదో తరగతి దాకా చదివి, నలుగురిలో నోరు విప్పగలిగి, భర్త అడ్డు చెప్పని ఆడదాన్ని నేనొక్కదాన్నే కనపడ్డాను. అద్దంకి నుంచి బస్సెక్కితే ముప్పావు గంట ప్రయాణం మా ఊరు. చుట్టూ నల్లరేగడి, ఒకవైపు పత్తి, ఒకవైపు మిరప. సమితులు పోయి మండలాలు వచ్చిన కొత్త రోజులవి.

మొదటి ఏడాదంతా నా పని సంతకం పెట్టడమే. మీటింగు అయిపోయాక గుమాస్తా మా ఇంటికి పుస్తకం పంపేవాడు. నేను వంటింట్లోంచి చెయ్యి తుడుచుకుంటూ వచ్చి, ఏం రాశారో కూడా చూడకుండా సంతకం గిలికేదాన్ని. రెండో ఏడు ఒకరోజు ఎందుకో ఒళ్ళు మండి, పుస్తకం వచ్చేదాకా ఆగకుండా నేనే మీటింగుకు వెళ్ళి కూర్చున్నాను. మా వైపు సర్పంచిని ఎవరూ సర్పంచి అనరు, ప్రెసిడెంటు గారే. ఆయన నాకు వరసకు బావ అవుతారు. దారి తప్పావా అమ్మాయ్ అన్నారు నన్ను చూసి. ఇన్నాళ్ళూ తప్పాను, ఇవాళే దొరికింది బావగారూ అన్నాను. అందరూ నవ్వారు. కుర్చీలు చాలకపోతే గుమాస్తా తన కుర్చీ ఇచ్చి తాను గుమ్మంలో నిలబడ్డాడు.

అలా వెళ్ళడం మొదలుపెట్టాక పంచాయతీ అంటే ఏమిటో నాకు తెలిసింది. బయటినుంచి చూసేవాళ్ళు అక్కడేదో ఇనప్పెట్టె ఉందనుకుంటారు. వచ్చేదల్లా ఇంటిపన్ను, వారం సంత పాట, నాలుగు చింతచెట్ల కాపు పాట. ఇంటిపన్ను కూడా మిరపకాయలు అమ్ముడయ్యేదాకా ఎవరూ కట్టరు. అడిగితే, కాయ కల్లంలో ఉంది, డబ్బు చెట్టుకు కాసిందా అంటారు. వెళ్ళేవి మాత్రం ఎవరికోసమూ ఆగవు. వీధి దీపాల కరెంటు బిల్లు, బావుల్లో వెయ్యడానికి బ్లీచింగు పౌడరు, మురుక్కాలవలు తీసేవాళ్ళ కూలి, గుమాస్తా జీతం. ముందు నుయ్యి వెనుక గొయ్యి అన్న మాట నేను పుస్తకాల్లో చదవలేదు, ఆ గదిలో కూర్చుని నేర్చుకున్నాను.

ఆ పంచాయతీయే ఒక మంచి పని కూడా చేస్తుండేది, దొంగతనంగా.

ఊరికి తూర్పున కాలనీలో ఒకతను ఉండేవాడు. నలభై ఏళ్ళు కూడా ఉండవు. ఎవరిదో ఇంటికప్పుకు తాటాకు కొట్టడానికి చెట్టెక్కి జారిపడ్డాడు. ప్రెసిడెంటు గారే ట్రాక్టరు ఇచ్చి గుంటూరు పెద్దాసుపత్రికి పంపారు. నెలల తరబడి అక్కడుండి ప్రాణంతో అయితే వచ్చాడు కానీ, నడుం కింది ఒళ్ళు అతనిది కాకుండా పోయింది. పిల్లల్లేరు. భార్య కోతల ముఠాలో కూలికి వెళుతుంది. ఆమె పనికి వెళితే అతను పొద్దుటినుంచి సాయంత్రం దాకా నులకమంచంలో ఒకే వైపు పడి ఉండాలి. పక్కన మంచినీళ్ళ ముంత, ఆ ముంత చెయ్యి తగిలి ఒరిగిపోతే అంతే సంగతులు. వీపు మీద పుళ్ళు లేచి, ఒకటి ఎముక కనపడేదాకా పోయింది.

అలాంటి మంచాలు ఊళ్ళో ఇంకో మూడున్నాయి. బజార్లో కొట్టు నడిపే ఆయన తల్లికి పక్షవాతం. మిగిలిన రెండిళ్ళలో ముసలివాళ్ళు. హెల్తు సెంటర్లో పనిచేసి రిటైరయిన ఆయమ్మ ఒకామె మా ఊళ్ళోనే స్థిరపడింది. రోజూ పొద్దున ఆమె ఈ నాలుగిళ్ళూ తిరిగి, మనిషిని అటూ ఇటూ ఒత్తిగిలించి, ఒళ్ళు తుడిచి, పుళ్ళు కడిగి, బట్టలు మార్చి వచ్చేట్టుగా ప్రెసిడెంటు గారు ఏర్పాటు చేశారు. జీతం పంచాయతీది. ఏ పద్దు కింద ఇస్తున్నారని నేనడిగితే ఆయన మీసం దువ్వుకుంటూ చిన్నగా నవ్వి, బందెలదొడ్డి అన్నారు.

బందెలదొడ్డి అంటే పొలాల మీద పడి మేసిన పశువుల్ని తోలుకొచ్చి కట్టేసే దొడ్డి. జరిమానా కడితే గాని విడిచిపెట్టరు. మా ఊళ్ళో దాని కాపలా ముసలాయన చనిపోయి చాన్నాళ్ళయింది. దొడ్డి గోడ కూలిపోయింది, లోపల జిల్లేళ్ళు మొలిచాయి. కాపలా జీతం మాత్రం పద్దులో అలాగే ఉంది. ఆ జీతం ఆయమ్మకు ఇస్తున్నారు. కాగితం మీద మా ఆయమ్మ పశువుల కాపలాదారు.

ఏడాది బాగానే నడిచింది. అతని పుళ్ళు మానాయి. ఆ తర్వాత ఆడిట్ వచ్చింది. వచ్చినాయన కళ్ళజోడు సర్దుకుని, ఏడాది మొత్తంలో దొడ్డికి ఒక్క పశువు కూడా రాలేదు గదా, కాపలా దేనికని అడిగాడు. కాపలా గట్టిగా ఉండబట్టేనండీ పశువులు పొలాల మీద పడట్లేదు అన్నారు మా బావగారు తడుముకోకుండా. మేమంతా నవ్వు ఆపుకోలేక తలలు వంచుకున్నాం. ఆడిట్ ఆయన నవ్వలేదు. దొడ్డి చూపించమన్నాడు, జిల్లేడు చెట్లు చూశాడు, పద్దు కొట్టేసి వెళ్ళిపోయాడు. ఆయన్ని అనడానికీ ఏం లేదు, ఆయన పని ఆయన చేశాడు. అమ్మ పెట్టా పెట్టదు, అడుక్కు తినా తిననివ్వదు అని మాత్రం అనుకున్నాను.

సరిగ్గా మిరప కోతలు మొదలయ్యే ముందు ఈ పని జరిగింది. మా వైపు కూలివాళ్ళకు ఏడాది గాసం ఆ కోతల్లోనే పోగవ్వాలి. కాయ పండాక చెట్టు ఆగదు, రైతు ఆగడు, కోసే చేతులు ఆగకూడదు. ఆయమ్మ రావడం ఆగిపోయిన రెండోరోజు అతని భార్య మా ఇంటికి వచ్చింది. కూర్చోమంటే కూర్చోలేదు. స్తంభానికి ఆనుకుని నిలబడి, ఏడవకుండా, లెక్క ఒప్పజెబుతున్నట్టు చెప్పింది.

"కోతలకు పోకపోతే మా ఇద్దరికీ కూడు లేదమ్మా. పోతే ఆయన్ని పొద్దస్తమానం మంచానికి వదిలెయ్యాలి. ఈసారి పుళ్ళు లేస్తే మనిషి దక్కడని గుంటూరు డాక్టరు మొహం మీదే చెప్పాడు. కూడు మానుకోవాలో మనిషిని మానుకోవాలో, మీరు మెంబరు గదా, మీరే చెప్పండి."

మీటింగులో అడుగుతానన్నాను. అడిగితే ఏం ఒరుగుతుందో నాకే తెలియదు. ఆమె తల ఊపి వెళ్ళిపోయింది.

ఆ వారం మీటింగులో నాకూ మా బావగారికీ పెద్ద రభస జరిగింది. కరెంటాఫీసు వాళ్ళు బకాయి కట్టకపోతే వీధి దీపాల ఫ్యూజులు పీకేస్తామని కబురు పెట్టారు. ఉన్న డబ్బు దీపాలకు కడితే ఆయమ్మకు లేదు, ఆయమ్మకు ఇస్తే దీపాలు లేవు. ఊరు చీకటైతే ఊరంతా తిడతారు, మంచంలో ఉన్నవాడు తిడితే వాడొక్కడే తిడతాడు అన్నారాయన. మంచంలో ఉన్నవాడికి ఓటు లేదా అని నేను గొంతు పెంచాను. ఉంది, పోలింగు బూతుదాకా రాలేడుగా అన్నారు నవ్వుతూ. ఎవరూ నవ్వలేదు. ఆయనకే సిగ్గేసినట్టుంది, చుట్ట వెలిగించుకునే వంకతో వరండాలోకి వెళ్ళారు. ఆయన చెడ్డమనిషి కాదు. ఊరందరి తిట్లూ రోజూ తినేవాడు ఎక్కడ తిట్లు తక్కువ పడతాయో అటే చూస్తాడు.

వరండాలోంచి తిరిగొచ్చేటప్పటికి ఆయన ఒక ఉపాయం తెచ్చారు. రోడ్డు పక్కన ఒక వ్యాపారి షెడ్డులో ఆడవాళ్ళు మిరపకాయలకు తొడిమలు తీస్తుంటారు. వాళ్ళ పని మూడింటికల్లా అయిపోతుంది. వాళ్ళలో ఇద్దరు ఇంటికి వెళ్ళే దారిలో ఈ నాలుగిళ్ళకూ వెళ్ళి చూసి వస్తారు. ఎలాగూ పనికి వచ్చినవాళ్ళే కాబట్టి పైన కాస్త ఇస్తే చాలు. దీపాలూ వెలుగుతాయి, మనుషులూ బతుకుతారు. అందరికీ నచ్చింది. నాకూ నచ్చింది. ఇంత తేలికైన సంగతి ముందే ఎందుకు తట్టలేదా అనుకుంటూ టీ తాగి ఇళ్ళకు వెళ్ళాం.

మిరప పండించే ఊళ్ళో పుట్టిన పసిపిల్లకు కూడా తెలిసిన సంగతి ఒకటుంది. కోతల రోజుల్లో తల్లి బిడ్డ కన్నీళ్ళు తుడవదు. బిడ్డ ఎంత ఏడ్చినా మోచేత్తో దగ్గరకు తీసుకుంటుందే గాని వేళ్ళు తగలనివ్వదు. సబ్బు పెట్టి కడిగినా, బూడిద పెట్టి తోమినా, చింతపండుతో రుద్దినా ఆ ఘాటు ఒక పూటకు వదలదు. ఆ గదిలో కూర్చున్న మేమంతా మిరప రైతులమే, మిరప రైతుల పెళ్ళాలమే. పద్దుల్లో తలలు దూర్చి, ఆ ముక్క ఒక్కరికీ గుర్తు రాలేదు.

మర్నాడు సాయంత్రం ఆ ఇద్దరాడవాళ్ళూ బోరింగు దగ్గర శుభ్రంగా చేతులు కడుక్కునే బయల్దేరారు. ముందు కొట్టాయన ఇంటికి వెళ్ళి ఆయన తల్లి మొహం తుడిచారు. పక్షవాతం వచ్చాక ఆ పెద్దామె నోరు పెగిలి ఎరగదు. ఆరోజు పెట్టిన కేకకు బజారంతా పోగయ్యారు. పాపం ఆ ఇద్దరికీ ఏం జరిగిందో అర్థం కాలేదు, ముసలామెకు ఏదో పూనిందనుకున్నారు. భయపడిపోయి గబగబా కాలనీకి వెళ్ళారు. అక్కడ అతని వీపుకు కొబ్బరినూనె రాశారు. మిరప ఘాటుకు నూనె తోడైతే ఎలా ఉంటుందో చెప్పనక్కర్లేదు. అది చాలదన్నట్టు మొహం కూడా తుడిచారు. కొండనాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడినట్టయింది.

కబురు తెలిసి నేను పరుగెత్తేసరికి అతని భార్య కోతనుంచి వచ్చి, తన చేతులు తగలకుండా చెంబు ఎత్తి పట్టుకుని అతని మొహాన మజ్జిగ పోస్తోంది. తొడిమల ఆడవాళ్ళు గుమ్మం దగ్గర నిలబడి ఏడుస్తున్నారు. అతని కళ్ళు మిరపపళ్ళలా ఉన్నాయి, ధారగా నీళ్ళు కారుతున్నాయి. నన్ను చూసి, మజ్జిగ ఊసేసి అన్నాడు.

"ఏందమ్మగారూ, మీ పంచాయతీవాళ్ళు నన్ను బతికించే పన్లో ఉన్నారా, ఊరగాయ పెట్టే పన్లో ఉన్నారా? కింద సగానికి తెలవదు కాబట్టి సరిపోయింది. అదీ తెలిస్తే మీ ప్రెసిడెంటు ఇంటిదాకా వినపడేది."

నాకు నవ్వొచ్చింది. ఆ వెంటనే ఏడుపొచ్చింది. రెండూ కలిసి వస్తే ఎలా ఉంటుందో అదే మొదటిసారి తెలిసింది. అతనికి కోపం లేదు, అదే నాకు ఎక్కువ బాధగా ఉంది. తిట్టి ఉంటే బాగుండును.

రెండు రోజుల తర్వాత నేను కోత జరుగుతున్న చేలోకి వెళ్ళాను. ముఠా పెద్ద ఒకామె ఉండేది. భర్త చనిపోయాక పాతిక మంది ఆడవాళ్ళను వెంటేసుకుని ఊరూరా కోతలకు తిప్పే మనిషి, గొంతు విప్పితే పక్క చేలో పిట్టలు లేచేవి. మంచంలో ఉన్నతని భార్య కూడా ఈమె ముఠాలోదే. ఆ రోజు అతని భార్య రాలేదట, ఇంటి దగ్గర ఆగిపోయిందట. రెండు రోజులుగా రావట్లేదని, ఇంకో రెండు రోజులు చూసి వేరే మనిషిని పెట్టుకోక తప్పదని ముఠా పెద్ద చెప్పింది. ఆ మాట అంటూ ఆమె నా మొహం చూడలేదు.

గట్టు మీద తుమ్మచెట్టుకు పాతచీరలతో ఉయ్యాలలు కట్టి ఉన్నాయి. కింద ఒకామె కూర్చుని ఒక ఉయ్యాల చేత్తో, ఒకటి కాలితో ఊపుతోంది. ఈమె కొయ్యదా అని అడిగాను. ఇందులో అడగడానికేముందన్నట్టు చూసింది ముఠా పెద్ద. పిల్లతల్లులు కోతకు రావాలంటే పిల్లల్ని చూసే మనిషి ఒకటి కావాలి. వంతుల వారీగా ఒకరు ఆగుతారు. ఆ రోజు ఆ మనిషి కాయ ముట్టకూడదు. సాయంత్రం కూలి మాత్రం అందరితో సమానం. రైతులు కూడా కాదనరు, ఆ మనిషి లేకపోతే సగం ముఠా రాదు కాబట్టి. ఎప్పటినుంచో ఉన్న వాడుకే. నేను పుట్టినప్పటినుంచీ ఆ ఉయ్యాలలు చూస్తూనే ఉన్నాను. చంకలో పిల్లాణ్ణి పెట్టుకుని ఊరంతా వెతికినట్టు, దీపాల పద్దులోనూ దొడ్డి పద్దులోనూ వెతుకుతున్నాం మేము.

మంచాల్లో ఉన్నవాళ్ళ కోసం ఇంకో మనిషిని ఊళ్ళో కూడా ఆపగలవా అని అడిగాను. ముఠా పెద్ద కొంగుతో మొహం తుడుచుకోబోయి, వేళ్ళు గుర్తొచ్చి, భుజానికి రాసుకుంది. ఆపడానికి మాకేం, చేలో లేని మనిషికి రైతు కూలి ఇస్తాడా అంది. అడుగుదాం అన్నాను. అడిగేది మీరైతే వస్తాను, నన్నొక్కదాన్నే పంపితే రాను అంది. సరే అనుకున్నాం.

ఆమెను తీసుకుని మీటింగుకు వెళ్ళాను. ఊళ్ళో అందరికన్నా ఎక్కువ మిరప వేసే రైతు ప్రెసిడెంటు గారే. చేలో కనపడని మనిషికి కూలి ఇవ్వడమంటే ఆయనకు మొదట మింగుడు పడలేదు. ఇవాళ మంచంలో మనిషికంటారు, రేపు గేదె ఈనిందంటారు, ఎల్లుండి చుట్టాలొచ్చారంటారు, ఇట్లా అందరికీ ఇస్తూ పోతే నేనే ముఠాలో చేరాలి అన్నారు. ముఠా పెద్ద ఊరుకోలేదు. కిందటేడాదికి ముందు ఏడు మీ చేలోనే కాయ చెట్టు మీద ఎండి తాలు పోయింది గదా, ఎందుకు పోయిందో తెలుసా అని అడిగింది. ఇంటి దగ్గర మంచాలు పట్టినవాళ్ళ కోసం మనిషికో పూట ఆగిపోబట్టి ఆ ఏడు ముఠా ఎప్పుడూ నిండుగా రాలేదట. ఆయమ్మ వచ్చిన ఏడు అందరూ వచ్చారట. ఆ మాట ఆయన బుర్రలోకి దిగింది. రైతుకు దయ గురించి చెప్పేకన్నా తాలు గురించి చెబితే త్వరగా అర్థమవుతుంది. నేనూ రైతు భార్యనే కాబట్టి అనగలుగుతున్నాను.

ఆ పూటంతా వాదులాడుకుని ఒక దారికి వచ్చాం. ఊళ్ళో ఆగిన మనిషి కూలిలో సగం రైతు ఇవ్వాలి. మిగతా సగం ముఠా తలా కాస్త వేసుకోవాలి. సబ్బులు, నూనె, పుళ్ళు కడిగే మందు, పాతబట్టలు ఉడకబెట్టే కుండ పంచాయతీవి. ఆయమ్మ వారానికి ఒకసారి వచ్చి ఎలా ఒత్తిగిలించాలో, ఏ పుండు ఎలా కడగాలో వంతుకొచ్చే ఆడవాళ్ళకు నేర్పాలి. ఆ ఒక్క రోజు జీతం పారిశుద్ధ్యం కింద రాయమన్నాను. మురుగు కడిగినా మనిషిని కడిగినా శుభ్రమే కదా అంటే గుమాస్తా కలం తీశాడు. ఆ డబ్బు మిగలాలంటే దీపాలు తగ్గించాలి. స్తంభం విడిచి స్తంభం వెలిగిద్దామని తీర్మానం చేశాం.

ఈసారి ఏ స్తంభం ఆరాలన్నది గొడవ. ఎవరి గుమ్మం ముందుది వాళ్ళకు ముఖ్యం. మా ఇంటి ముందు దీపం ముందు తీసెయ్యండన్నాను, నోరు మూయించడానికి. ఆ వారంలోనే మా ఆయన చీకట్లో గేదె గుంజ తన్నుకుని బొటనవేలు చితకగొట్టుకున్నారు. పాలన బాగుందోయ్ అన్నారు కుంటుతూ. బజార్లో నన్ను చూసి చీకటమ్మ వస్తోందనేవాళ్ళు. నాకు కోపం వచ్చేది కానీ, కాలనీవైపు వెళ్ళి చూసి వస్తే పోయేది.

అన్నీ సాఫీగా జరిగాయని చెబితే అబద్ధం. కొట్టాయన ఇంట్లో, కాలనీనుంచి వచ్చే ఆడవాళ్ళను వెనక గుమ్మంలోంచి రమ్మన్నారు. ఆ రోజు వంతు ముఠా పెద్దదే. మంచం ముందరింట్లో ఉంటే వెనకనుంచి ఎట్లా వస్తామండీ, మంచాన్నే వెనక్కి మోసుకొచ్చి పెట్టండి, చేసి పోతాం అందిట. వాళ్ళు ఆ పూటకు వద్దన్నారు. పూట గడిచింది, మర్నాడు కూడా గడిచింది. మూడోరోజు పొద్దున కొట్టాయనే వీధి గుమ్మం రెండు తలుపులూ తీసి పెట్టి అరుగు మీద కూర్చున్నాడు. దీన్ని మారిన మనసు అనను. కన్నతల్లి ఒంటి వాసనకు గుమ్మాల తేడా నిలబడలేదంతే. ఐనా, తెరిచిన తలుపు తెరిచినట్టే ఉండిపోయింది.

ఆయమ్మ నేర్పిందంతా ముఠా ఆడవాళ్ళు బాగానే పట్టుకున్నారు. అతన్ని గంటకోసారి ఒత్తిగిలించేవాళ్ళు. పుళ్ళు లేవలేదు. పనిలో పనిగా అతను ఊరి కబుర్లన్నీ పోగు చేసేవాడు. రోజుకో మనిషి వస్తుందాయె, రోజుకో ఇంటి సంగతి. నేను వెళితే, మా మెంబర్లలో ఎవరెవరు మాట్లాడుకోవట్లేదో నాకే చెప్పేవాడు.

ఇక అతని భార్య సంగతి. తీర్మానం చేసిన మర్నాటినుంచే ఆమె కోతకు వెళ్ళడం మొదలుపెట్టింది. కూడు మానుకోనక్కర్లేదు, మనిషిని మానుకోనక్కర్లేదు. అయితే ముఠాలో వంతులు తిరుగుతూ తిరుగుతూ ఒకరోజు ఆమె దగ్గరకు వచ్చాయి. ఆమె తన వంతు వేరేవాళ్ళకు ఇచ్చెయ్యమంది. మిగతా మూడిళ్ళలో చెయ్యడానికి అభ్యంతరం లేదట. ఆ నాలుగో ఇల్లు తనది. కట్టుకున్న మొగుడికి చేసి కూలి పుచ్చుకుంటానా, నలుగురూ ఏమనుకుంటారు అని ఆమె బాధ. ఆ రోజుకు మూడిళ్ళ కూలే ఇవ్వండి, నాలుగోది కొట్టెయ్యండి అంది.

అది తెగక ఆమే ముఠా పెద్దా మా అరుగు మీదికి వచ్చారు. నేను ఏం చెప్పాలో ఆలోచించేలోపే ముఠా పెద్ద గొంతు లేచింది.

"నిన్న నీ మొగుణ్ణి నేను కడిగాను. నాకు కూలి ఇచ్చారు, నువ్వూ వేశావు అందులో. నేను చేస్తే పనై, నువ్వు చేస్తే కాకుండా పోద్దా? నీ నడుం నడుం కాదా?"

ఆమె తలెత్తి చూసింది. ఇన్నేళ్ళూ ఆమె చీకటితో లేచి అతనికి చేసేది, కోతనుంచి వచ్చి అతనికి చేసేది. దాన్ని ఎవరూ పని అనలేదు, ఆమె కూడా అనుకోలేదు. ఆ మాటకొస్తే మా అత్తగారు మంచం పట్టిన ఏడాదిన్నర నేను చేసిందీ ఎవరూ పని అనలేదు. పూర్తి కూలి తీసుకో అని మాత్రం అన్నాను.

మర్నాడు ఆమె కోతకు వెళ్ళలేదు. మూడిళ్ళలో పని చేసి, ఎండ ఎక్కేవేళకు తన ఇంటికి చేరింది. సాయంత్రం ముఠా తిరిగొచ్చాక అందరితోపాటు వరసలో నిలబడి కూలి పుచ్చుకుంది.

ఆ తెల్లారి బోరింగు దగ్గర ఆమె బిందె పెట్టుకుని నిలబడి ఉంది. ఎలా గడిచింది నీ వంతు అని అడిగాను. ముందు ఏం లేదమ్మా అంది. బిందె నిండేదాకా నీళ్ళు కొట్టి, అప్పుడు చెప్పింది. కోతల్లో కూలి పోతుందన్న దిగులు లేకుండా పగటిపూట ఇంట్లో ఉండటం, అతను పడ్డాక ఆమెకు అదే మొదటిసారట. చేతులకు మంట లేదు కాబట్టి తలకు నూనె పెట్టిందట, గడ్డం గీసిందట. కళ్ళు కూడా తుడిచిందట. ఆ తర్వాత పని ఏమీ లేకపోతే ఊరికే పక్కన కూర్చుందట. రాత్రి కూలి డబ్బులు తెచ్చి అతని చేతిలో పెట్టి, ఇది నీవల్ల వచ్చిన కూలి అందట.

అతనేమన్నాడని అడిగాను.

ఆమె బిందె నడుముకెత్తుకుని, మొహం అటు తిప్పుకుంది. నవ్వుతోందని భుజాలు చూస్తే తెలుస్తోంది.

"మళ్ళీ నీ వంతెప్పుడే అన్నాడమ్మా."